పాట ఊరు దాటి పోయింది సరే, తిరిగి ఏమొచ్చింది? న్యూపోర్ట్ పాటల పండుగ చరిత్ర

కొంచెం పెద్ద పోస్టు ఇది. ఓపికగా చదవమని ముందే అడుగుతున్నాం.

పోయిన నెల ఒక యువజనోత్సవంలో మన పిల్లలు పాట పాడారు. డోళ్లు కొట్టి, నడుముల మీద చేతులేసుకుని వరసగా ఆడారు. హాలంతా చప్పట్లు. తర్వాత మైకులో ఒక కాగితం చదివారు. "రచన: జానపదం. సేకరణ:" అని, ఆ పక్కన ఒక సారు పేరు. మేం వెనక వరసలో కూర్చుని ఆ పేరుకు కూడా చప్పట్లు కొట్టాం. రాత్రి హాస్టల్‌కి వచ్చి అన్నం తింటుంటే మా రూములోవాడు మెల్లగా అన్నాడు, "ఆ పాట కట్టింది మా మేనత్తరా."

పోడు పట్టా కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన ఏడాది, అడవి దారిలో నడుస్తూ ఆమె కట్టిన పాట అది. ఆమె బతికే ఉంది. ఆమెకు ఫోన్ కూడా ఉంది. కానీ ఆ కాగితంలో ఆమె "జానపదం" అయిపోయింది.

కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు. ఆ సారు పాటను దొంగిలించలేదు. బాగుందని రాసుకున్నాడు, పిల్లలకు నేర్పించాడు. పాట నలుగురిలోకి పోవడం మాకూ ఇష్టమే. మరి తప్పు ఎక్కడ జరిగింది? మాలో ముగ్గురం చరిత్ర చదువుతున్నాం. ఇట్లాంటిది ఇంకెక్కడైనా జరిగిందా, జరిగితే వాళ్లేం చేశారు అని వెతకడం మొదలుపెట్టాం. వెతుకుతూ పోతే అమెరికాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి దగ్గర ఆగాం. ఆ ఊరి పేరు న్యూపోర్ట్.

రోడ్ ఐలాండ్ అనే చిన్న రాష్ట్రంలో ఉంది ఈ పట్నం. అప్పట్లో జనాభా యాభై వేల లోపే. కోటీశ్వరులు ఎండాకాలం గడపడానికి కట్టుకున్న మేడలకు అది పేరు మోసింది. దానికంటే పాత చరిత్ర ఇంకొకటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చే వ్యాపారానికి ఓడలు బయల్దేరిన పెద్ద రేవుల్లో న్యూపోర్ట్ ఒకటి. అదే ఊళ్లో 1959లో జార్జ్ వీన్ అనే ఆయన జానపద సంగీత పండుగ మొదలుపెట్టాడు. ఆ బానిసల మునిమనవళ్లు, మునిమనవరాళ్లు ఆ వేదికెక్కి తమ పాటలు పాడారు. వాళ్ల పాటల్లో ముఖ్యమైనది బ్లూస్.

బ్లూస్ అంటే ఏందో రెండు మాటల్లో చెప్తాం. 1865లో బానిసత్వం చట్టం ప్రకారం పోయింది కానీ దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్లకు భూమి రాలేదు. దొరల పత్తి చేలల్లో పాలుకు చేసుకుని, లెక్కలు వాళ్లే రాసుకుంటే ఏడాది చివర్లో అప్పే మిగిలేది. ఆ చేలల్లో ఒకరినొకరు పిలుచుకున్న కేకలు, చర్చి పాటలు, వలసల బాధ, ప్రేమలు, జైళ్లు, అన్నీ కలిసి పుట్టిన పాట బ్లూస్. ఒక మనిషి, ఒక గిటారు. మాటలూ ఆయనవే, బాణీ కూడా చాలాసార్లు ఆయనదే. వినేవాళ్లు ఊరివాళ్లు.

పండుగ 1961లో, 1962లో జరగలేదు. 1963లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు పద్ధతి మార్చారు. పీట్ సీగర్, ఆయన భార్య తోషి, థియోడోర్ బికెల్, జార్జ్ వీన్ కూర్చుని ఆలోచించి లాభం లేని ఫౌండేషన్‌గా నడపాలనుకున్నారు. వాళ్లు పెట్టుకున్న నియమం మాకు చాలా నచ్చింది. వేదికెక్కే ప్రతి ఒక్కరికీ 50 డాలర్లు, దారి ఖర్చులు, తిండి, ఉండటానికి చోటు. అందరికీ అంతే. అప్పటికే దేశమంతా పేరున్న జోన్ బేజ్‌కీ, బాబ్ డిలన్‌కీ అంతే, మిసిసిపీ పల్లె నుంచి వచ్చిన ముసలాయనకీ అంతే. మిగిలిన డబ్బు ఊళ్లలో పాటల్ని వెతకడానికి, పాడేవాళ్లకు సాయం చేయడానికి.

ఆ ముసలాయన పేరు జాన్ హర్ట్. మిసిసిపీ రాష్ట్రంలో అవలాన్ అనే పల్లె. చిన్నప్పుడే తనంత తానే గిటారు నేర్చుకున్నాడు. ఊళ్లో విందులకు, ఆటలకు వాయించేవాడు. పక్కన ఫిడేలు వాయించే ఒక తెల్లజాతి ఆయన, విల్లీ నార్మర్, రికార్డు కంపెనీ వాళ్లకు ఈయన పేరు చెప్పాడు. 1928లో ఓకే రికార్డ్స్ వాళ్లు ఫిబ్రవరిలో మెంఫిస్‌కి, డిసెంబరులో న్యూయార్క్‌కి పిలిపించి పాడించుకున్నారు. అమ్మకాల కోసం ఆయన పేరు ముందు "మిసిసిపీ" తగిలించింది కూడా కంపెనీయే. న్యూయార్క్ చలిలో ఉన్నప్పుడు ఆయనకు ఇల్లు గుర్తొచ్చింది. మన ఊరు మీద బెంగతో ఒక పాట కట్టాడు. అందులో తన ఊరు అవలాన్ అని చెప్పుకున్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుకు పోయాక పనికొస్తుంది.

రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాత దేశమంతా ఆర్థిక మాంద్యం. కంపెనీ మళ్లీ పిలవలేదు. జాన్ హర్ట్ ఊరికొచ్చి పశువులు కాసుకుంటూ, వ్యవసాయం పనులు చేసుకుంటూ 35 ఏళ్లు గడిపాడు. 1952లో హ్యారీ స్మిత్ అనే ఆయన పాత రికార్డులన్నీ ఏరి ఒక సంకలనం తెచ్చాడు. అందులో ఈయన పాటలు రెండున్నాయి. పట్నం కుర్రాళ్లు అవి విని పిచ్చెక్కిపోయారు. పాడినాయన ఎప్పుడో చచ్చిపోయి ఉంటాడనుకున్నారు.

అప్పుడు ఆ బెంగ పాట పనికొచ్చింది. టామ్ హాస్కిన్స్ అనే యువకుడు ఆ పాటలో ఊరి పేరు పట్టుకుని పటాలు వెతికాడు. కొత్త రోడ్డు పటాల్లో అవలాన్ లేదు. ఒక పాత అట్లాసులో దొరికింది. 1963లో బండేసుకుని పోయి, ఊరి కొట్టు దగ్గర అడిగితే ఇల్లు చూపించారు. తలుపు తీసిన ముసలాయన తెల్లతోలు మనిషిని చూసి, ప్రభుత్వ పోలీసులేమో, తనేం తప్పు చేశాడో అని భయపడ్డాడంట. ఇది చదివి మేం నవ్వలేదు. ఫారెస్టు జీపు చప్పుడైతే మన ఊళ్లలో ముసలివాళ్ల మొహాలు ఎట్లా మారతాయో మనకు తెలుసు. అప్పటికి ఆయన దగ్గర సొంత గిటారు కూడా లేదు. వచ్చినాయన గిటారు చేతికిస్తే, వేళ్లు పాటను మర్చిపోలేదు.

అదే ఏడాది జులైలో న్యూపోర్ట్. డెబ్బై ఏళ్ల మనిషి, నెత్తిన టోపీ, కుర్చీలో కూర్చుని వేల మంది ముందు ఇంట్లో పాడినట్టే మెల్లగా పాడాడు. ఆ వేసవి ఎట్లాంటిదో కూడా చెప్పాలి. జూన్ 12న ఆయన సొంత రాష్ట్రంలోనే మెడ్గర్ ఎవర్స్ అనే నల్లజాతి నాయకుణ్ని ఇంటి ముందు కాల్చి చంపారు. ఆగస్టు 28న లక్షల మంది వాషింగ్టన్‌లో హక్కుల కోసం కవాతు చేశారు. ఈ రెండిటి మధ్య, జులై చివర్లో ఆ పండుగ. మిసిసిపీలో నల్లజాతి మనిషి ఓటు నమోదుకు పోతేనే ప్రాణానికి గ్యారంటీ లేని రోజుల్లో, అక్కడి పల్లె మనిషి పేరు మైకులో గౌరవంగా పలికారు. తర్వాత ఫౌండేషన్ ఆయనకు ఒక గిటారు కొనిచ్చింది. ఇంకో మూడేళ్లు పాడి 1966లో వెళ్లిపోయాడు. 35 ఏళ్ల మరుపుకి మూడేళ్ల పేరు. మేలు జరిగిందని సంతోషపడాలా, ఇంత ఆలస్యమేందని ఏడవాలా, మాకు రెండూ అనిపించాయి.

జాన్ హర్ట్‌ని వెతికి పట్టుకుంది హాస్కిన్స్ అని పుస్తకాల్లో రాస్తారు. ఆయన్ని వెతికి పట్టుకుంది ఆయన పాటే అని మేం అంటాం. పాటలో ఊరి పేరు ఉంది కాబట్టి మనుషులు ఆ ఊరికి రాగలిగారు. ఊరూ పేరూ చెరిపేసి "జానపదం" అని రాస్తే, ఆ పాట వెంట నడుచుకుంటూ ఎవరైనా ఎక్కడికి రాగలరు?

రెండో మనిషి ఎలిజబెత్ కాటన్. 1964లో న్యూపోర్ట్‌లో పాడింది. నార్త్ కరోలినాలో పుట్టింది. చిన్నప్పుడే బడి మానేసి ఇళ్లల్లో పనికి పోయి, దాచుకున్న పైసలతో 3 డాలర్ల 75 సెంట్ల గిటారు కొనుక్కుంది. ఎడమచేతి వాటం. నేర్పేవాళ్లు లేరు కాబట్టి గిటారు తిరగేసి పట్టుకుని, బొటనవేలితో రాగం, మిగిలిన వేళ్లతో అడుగు తీగలు వాయించడం తనే కనిపెట్టుకుంది. ఇంటి దగ్గర పోయే గూడ్సు బండి చప్పుడు వింటూ పదకొండు, పన్నెండేళ్ల వయసులో ఒక పాట కట్టింది. "ఫ్రైట్ ట్రైన్" దాని పేరు. తర్వాత పెళ్లి, బిడ్డ, పని. చర్చివాళ్లు ఇట్లాంటి పాటలు వద్దన్నారు. గిటారు పక్కన పెట్టేసింది, ఏళ్లకేళ్లు.

వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తున్నప్పుడు తప్పిపోయిన చిన్నపిల్లను తల్లికి అప్పగించింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్. వాళ్లది సంగీతం ఇల్లు. ఆ ఇంట్లోనే పనికి కుదిరింది. గోడకున్న గిటారు ఒకరోజు తీసి వాయిస్తే ఇంటివాళ్లు నోరెళ్లబెట్టారు. పెగ్గీ పెద్దదై ఇంగ్లండు పోయి ఆ పాట అక్కడ పాడింది. 1957లో అక్కడొక బృందం దాన్ని రికార్డు చేస్తే పెద్ద హిట్టయింది. రికార్డు మీద రచయితలుగా ఇద్దరు ఇంగ్లండు మనుషుల పేర్లు! పాట కట్టిన ఆమె అప్పటికి ఇంకా వేరేవాళ్ల ఇంట్లో గిన్నెలు కడుగుతోంది. సీగర్ కుటుంబం పట్టుబట్టి పోరాడాక ఆమె పేరు చేరింది. 1958లో ఆమె సొంత రికార్డు వచ్చింది. అరవై దాటాక వేదికలెక్కింది. తొంభై దాటాక 1985లో గ్రామీ అవార్డు తీసుకుంది.

పేరుకీ పైసలకీ ఉన్న సంబంధం స్కిప్ జేమ్స్ కథలో ఇంకా బాగా అర్థమవుతుంది. 1931లో పారామౌంట్ కంపెనీకి పాడి, పెద్దగా ఏమీ దక్కక మరుగునపడ్డ మిసిసిపీ గాయకుడు ఈయన. 1964లో కొందరు యువకులు వెతుక్కుంటూ పోతే ఆస్పత్రి మంచం మీద దొరికాడు. అదే వేసవిలో న్యూపోర్ట్ వేదిక మీద కూర్చున్నాడు. 1966లో క్రీమ్ అనే ఇంగ్లండు రాక్ బృందం ఆయన పాట ఒకటి రికార్డు చేసింది. వాళ్లు రచయితగా ఆయన పేరే వేశారు. అందుకే రాయల్టీ పైసలు ఆయనకు వచ్చాయి, క్యాన్సర్‌తో ఉన్న చివరి రోజుల్లో వైద్యానికి ఆదుకున్నాయి. ఒక్క లైనులో పేరు రాయడం వల్ల ఒక ముసలాయనకు మందులొచ్చాయి. పేరు అంటే గొప్ప కోసం కాదని మాకు అక్కడ తెలిసింది.

ఇక్కడ మీలో కొందరు అడుగుతారు. "మన పాటలు చాలావరకు ఒక్కరివి కావు కదా? తాతలనాటి నుంచి అందరూ కలిపి పాడుకున్నవి. వాటికి ఎవరి పేరు రాస్తాం?" మంచి ప్రశ్న. మాకూ అదే అనుమానం వచ్చింది. జవాబు మనందరం ఆశ్రమ పాఠశాలలో ప్రార్థనలో నిలబడి పాడిన పాటలో దొరికింది.

"హమ్ హోంగే కామ్‌యాబ్" పాడనివాళ్లు మనలో ఉన్నారా? గిరిజా కుమార్ మాథుర్ హిందీలోకి తెచ్చిన ఆ పాటకు మూలం "వుయ్ షల్ ఓవర్‌కమ్". నల్లజాతి వాళ్ల పాత చర్చి పాటల్లో దాని వేర్లున్నాయి. 1945లో సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో చుట్టల ఫ్యాక్టరీ కార్మికులు సమ్మె చేశారు. ఎక్కువ మంది నల్లజాతి ఆడవాళ్లు. అందులో లూసిల్ సిమన్స్ అనే కార్మికురాలు రోజూ సమ్మె ముగిసేటప్పుడు ఆ పాటను నెమ్మదిగా సాగదీసి పాడించేది. వాళ్ల దగ్గర నుంచి హైలాండర్ అనే ఉద్యమ పాఠశాలలో జిల్ఫియా హార్టన్ నేర్చుకుంది. ఆమె నుంచి పీట్ సీగర్, ఆ తర్వాత గై కారవాన్ ద్వారా విద్యార్థి ఉద్యమానికి చేరింది. 1963 న్యూపోర్ట్‌లో జోన్ బేజ్, డిలన్, సీగర్ వాళ్లతో పాటు ఫ్రీడమ్ సింగర్స్ అనే నల్లజాతి విద్యార్థి బృందం చేతులు కలిపి వేదిక మీద ఆ పాట పాడారు. ఆ విద్యార్థులు మన వయసు వాళ్లే. ఊరేగింపుల్లో, జైళ్లలో పాడి వచ్చినవాళ్లు.

ఆ పాటకు కాపీరైటు తీసుకున్నప్పుడు సీగర్, కారవాన్, హార్టన్, ఫ్రాంక్ హామిల్టన్ పేర్లు రాశారు. లూసిల్ సిమన్స్ పేరు అందులో లేదు. అది తప్పే అని మా అభిప్రాయం. కానీ వాళ్లు ఒక మంచి పని కూడా చేశారు. ఆ పాట మీద వచ్చే రాయల్టీ ఎవరూ ఇంటికి తీసుకుపోకుండా ఒక నిధిలో వేశారు. దక్షిణాది నల్లజాతి ఊళ్లలో పనిచేసే సంఘాలకు, కళాకారులకు అది హైలాండర్ ద్వారా చేరేది. 2018లో కోర్టు కేసు రాజీతో ఆ పాట అందరి సొత్తయింది. అంటే అందరూ కలిసి కట్టిన పాటకు ఒక్కడు యజమాని కానక్కర్లేదు. కానీ దాని మీద వచ్చింది ఆ అందరికీ తిరిగి పోవాలి. మన ఊరి పాటకు ఊరి పేరు రాయొచ్చు, తెగ పేరు రాయొచ్చు, ఎవరి గొంతులో విన్నామో వాళ్ల పేరు రాయొచ్చు. ఏమీ రాయకుండా ఉండటానికి మాత్రం కారణం లేదు.

ఇంకొక్క మనిషి గురించి చెప్పి ముగిస్తాం. డ్యూయీ బాల్ఫా. లూసియానాలో కేజన్ జనం ఉంటారు. బ్రిటిష్‌వాళ్లు 1755 నుంచి కెనడా వైపు ఊళ్లలోంచి వెళ్లగొడితే చివరికి అక్కడికి చేరిన ఫ్రెంచి రైతుల సంతతి. 1921లో ఆ రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషే ఉండాలంది. ఇంటి భాష మాట్లాడిన పిల్లల్ని బడిలో శిక్షించారు. తమ పాటలంటే తమకే సిగ్గు పుట్టింది. బళ్లో మన భాష మాట్లాడి బెంచీ ఎక్కినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

న్యూపోర్ట్ తరఫున రాల్ఫ్ రింజ్లర్ ఊళ్లు తిరిగి 1964లో కేజన్ వాయిద్యగాళ్లను పిలిచాడు. స్థానిక పత్రికలో, ఆ పాతకాలపు గోలను అంత పెద్ద వేదిక మీద పెట్టి మన పరువు తీస్తారా అన్నట్టు రాశారు. చివరి నిమిషంలో గిటారు వాయించే మనిషి కావాలంటే బాల్ఫా పోయాడు. ఊరి ఆటల్లో రెండొందల మందికి మించి జనాన్ని చూడనివాడు. అక్కడ వేల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు పట్టుకుని ఆయన పట్నంలో ఉండిపోలేదు, ఊరికి తిరిగొచ్చాడు. బడి బస్సు నడుపుతూ, అన్నదమ్ములతో కలిసి వాయిస్తూ, తనలాంటివాళ్లను శిక్షించిన బడులకే పోయి పిల్లలకు ఆ పాటలు వినిపించాడు. 1974లో లాఫయెట్ పట్నంలో కేజన్ సంగీతానికి సొంత పండుగ జరిగింది. ఆ పండుగ తర్వాత ఏటేటా సాగింది.

అందుకని మాకు అర్థమైంది ఇది. పాట ఊరు దాటి పోవడం తప్పు కాదు. దాటి పోయిన పాట వెంట ఊరికి ఏం తిరిగొచ్చింది అన్నదే లెక్క. జాన్ హర్ట్‌కీ ఎలిజబెత్ కాటన్‌కీ పేరొచ్చింది. స్కిప్ జేమ్స్‌కి పైసలొచ్చాయి. బాల్ఫా జనానికి గౌరవం వచ్చింది. ఒక్కటి కూడా దానంతట అది రాలేదు. ఎవరో ఒకరు వెతికారు, అడిగారు, పట్టుబట్టారు. చాలావరకు బయటివాళ్లే చేశారు, అదీ ఆలస్యంగా. మన దగ్గరా గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలి సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు మిగిలాయి, జోహార్లు. పేరు లేకుండా పోయినవాళ్లు ఎంతమందో లెక్కలేదు.

మనకు హాస్కిన్స్ అక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఫోనుంది. సెలవులకు పోయినప్పుడు పాట రికార్డు చేస్తే, పాటకంటే ముందు పాడేవాళ్ల నోటితోనే పేరు, ఊరు, పాట ఎవరు కట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని చెప్పించండి. ఎక్కడైనా పెట్టే ముందు వాళ్లను అడగండి. వద్దంటే వద్దు. కొన్ని పాటలు దేవుడి దగ్గర మాత్రమే పాడేవి ఉంటాయి, అవి అక్కడే ఉండనివ్వండి. కాలేజీ ప్రోగ్రాములో మన పాట పెడితే ఆ కాగితం ముందే అడిగి చూడండి. "జానపదం" అని ఉంటే మర్యాదగానే సార్‌కి చెప్పి పేరు రాయించండి. మేం ఆ రోజు వెనక వరసలో కూర్చుని చెప్పలేకపోయాం. అందుకే ఇప్పుడు ఇంత పొడుగు రాస్తున్నాం.

మా రూములోవాడి మేనత్త పేరు ఈ పోస్టులో రాయలేదని గమనించే ఉంటారు. మర్చిపోయి కాదు. ఆమెను ఇంకా అడగలేదు. దసరా సెలవులకు నలుగురం కలిసి వాళ్ల ఊరు పోతున్నాం. ఆమె సరే అంటే, ఆమె పేరు, ఊరు, ఆ పాట కట్టిన ఏడాది ఆమె చెప్పినట్టే రాసి ఇక్కడ పెడతాం. ఆ కాగితం రాసిన సార్‌కి కూడా ఒక కాపీ ఇస్తాం.

జోహార్.